దంతవైద్యమూ, నొప్పీ, అభ్యుదయమూ

దంతవైద్యం నిజంగా ముందుకు పోయిందా, పోతే దానివల్ల మనిషికి నొప్పి తగ్గిందా అన్న ప్రశ్న సాహిత్య విద్యార్థి చర్చించదగినదేనా అని మిత్రులు కొందరు సందేహించవచ్చు. మానవుని బాధే సాహిత్యానికి వస్తువని ఒకవంక చెప్పుకుంటూ, మానవజాతిలో అత్యధిక సంఖ్యాకులు అనాదిగా అనుభవిస్తున్న ఒక బాధను మాత్రం వైద్యులకు వదిలిపెట్టి ఊరుకోవడం నాకు సబబుగా తోచలేదు. పైగా ఈ విషయంలో మన భాష మనకంటె ముందే మాట్లాడింది. ఎంతటి కష్టాన్నైనా నోరు మెదపకుండా ఓర్చుకోవడాన్ని తెలుగువాడు 'పంటి బిగువున భరించడం' అన్నాడు. ఆ పన్నే నొప్పి పెట్టినప్పుడు దేని బిగువున భరించాలో మాత్రం చెప్పలేదు. అక్కడ భరించడం తప్ప వేరే మార్గం లేదు గనుక చెప్పలేదు. ఆ మార్గం ఎప్పుడు, ఎలా, ఎవరికి ఏర్పడిందన్నదే ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచిన విషయం.

ఈ ఆలోచనకు కారణం నా స్వానుభవమే. కిందటి సంవత్సరం నాకొక దవడపన్ను పుచ్చింది. మూడు రాత్రులు నిద్ర లేదు. నాలుగోనాడు వైద్యుడు చిగుట్లో సూది వేసి, ముప్పావుగంటసేపు పన్నును తొలిచి, లోపలి నరాన్ని తీసివేశాడు. నాకు యంత్రం చప్పుడు వినిపించిందే తప్ప నొప్పి తెలియలేదు. మర్నాడు కాలేజీలో ఈ సంగతి చెబితే, భౌతికశాస్త్రం చెప్పే మిత్రుడు "చూశారా, విజ్ఞానం నొప్పిని జయించింది" అన్నాడు. మా పెద్ద సంస్కృతం మాస్టారు నవ్వి, "మన పెద్దలు వేపపుల్లతో తోముకున్నన్నాళ్లూ ఈ జయాల అవసరమే రాలేదు నాయనా" అన్నారు. సాయంత్రం ఇంటికి వెళ్లి అమ్మతో చెప్పాను. ఆమె ఒక్కమాట అడిగింది: "ఏరా, నొప్పి అసలు లేదూ?" ఆ మాటలో సంతోషం కంటె అపనమ్మకం ఎక్కువగా వుంది. నా వయసులో ఆమె సంతలో పట్టకారు పట్టుకు కూర్చున్న ఒకాయన చేత ఒకే మధ్యాహ్నం మూడు దవడపళ్లు పీకించుకుంది. మత్తు లేదు, మందు లేదు. నోట్లో ఉప్పునీళ్లు పోసుకుని, నాలుగు మైళ్లు నడిచి ఇంటికొచ్చి పొయ్యి వెలిగించింది.

మిత్రుడి మాటా, మాస్టారి మాటా రెండూ నాకు తృప్తినివ్వలేదు. ఒకటి గతాన్ని మరిచిపోతుంది. రెండోది గతాన్ని కల్పించుకుంటుంది. చరిత్రను చరిత్రగా చూడకపోవడం రెండింటికీ సమానమైన లోపం. అంచేత మొదట గతం దగ్గరనుంచే ప్రారంభిద్దాం.

బెలూచిస్తానంలో, బొలాన్ కనుమ దిగువన మెహర్‌గఢ్ అనే నవీనశిలాయుగపు గ్రామం బయటపడింది. అక్కడి శ్మశానవాటికలో దొరికిన తొమ్మిదిమంది పెద్దల అస్థిపంజరాలలో పదకొండు దవడపళ్లకు తొలిచిన రంధ్రాలున్నాయని 2006లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. కాలం సుమారు 9,000 నుంచి 7,500 సంవత్సరాల కిందటిది. తొలిచిన సాధనం చెకుముకిరాతి మొన. అదే మొనలతో ఆ ఊరివాళ్లు పూసలకు బెజ్జాలు వేసేవారు. రంధ్రాల అంచులు నమలడంవల్ల అరిగి నున్నబడి వున్నాయి గనుక, ఆ మనుషులు ఆ తరవాత కూడా బతికి, ఆ పళ్లతోనే తిన్నారన్నది స్పష్టం. అంటే, మనకు తెలిసిన తొలి దంతవైద్యులలో కొందరు పూసలు చేసే పనివాళ్లు. వైద్యం శాస్త్రంగా పుట్టకముందు చేతిపనిగా పుట్టింది. అది గర్వపడదగిన విషయమే. కాని ప్రాణమున్న పంటిని రాతిమొనతో తొలిచేటప్పుడు ఆ తొమ్మిదిమంది ఏమనుభవించి వుంటారో ఊహించలేనివాడు ఆ గర్వాన్ని అనుభవించడానికి అర్హుడు కాడు.

సుశ్రుతసంహిత 65 ముఖరోగాలను వర్గీకరించింది. పంటిమీది గారను తీయడానికి దంతశంకువనే శస్త్రాన్ని చెప్పింది. పళ్లు తోముకునే పుల్ల ఏ చెట్టుదై వుండాలో, ఎంత వుండాలో చెప్పింది. ఇది సామాన్యమైన పరిశీలన కాదు. కాని పుచ్చుపన్నుకు అది పెట్టిన పేరు 'కృమిదంతకం'. అంటే పురుగు తొలిచిన పన్ను. ఈ పురుగు మన ఒక్కరి సొత్తు కాదు. బాబిలోనియా మట్టిపలకల మీద పంటిపురుగును వెళ్లగొట్టే మంత్రం వుంది. యూరపు ప్రజలూ శతాబ్దాలపాటు దాన్నే నమ్మారు. మన పల్లెల్లో నేలములక గింజల పొగ పట్టి పంటిపురుగులను రాలుస్తామని ఊరూరా తిరిగినవాళ్లను మా తాతల తరం ఎరుగును. రాలినవి గింజల మొలకలో, మరొకటో. బాధపడేవాడికి మాత్రం శత్రువు కంటికి కనిపించాడన్న ఊరట దొరికేది. ఆ ఊరటను నేను తేలిక చేయను. ఐతే ఊరట వేరు, ఉపశమనం వేరు.

ఇక మాస్టారి వాదంలో ఒక సత్యాంశం లేకపోలేదు. వేపపుల్ల, ఉత్తరేణి వేరు, కచ్చిక, ఉప్పు ఇవన్నీ పంటిని శుభ్రపరిచేవే. వాటికంటె ముఖ్యంగా, పూర్వులకు పంచదార ఇంత చౌకగా దొరకలేదు. పంటిపుచ్చుకు పంచదారకు గల సంబంధాన్ని ముందు మరింత వివరంగా చూస్తాం. కాని పుచ్చు తక్కువైనంత మాత్రాన నొప్పి తక్కువనుకోవడం పొరపాటు. పుచ్చినవాడికి అప్పుడు చికిత్స లేదు. నూటికి పదిమంది బాధపడినా, ఆ పదిమందికి గతి పట్టకారే.

యూరపులో ఈ పట్టకారు చరిత్ర మరీ భయంకరమైనది. పళ్లు పీకేవాళ్లు క్షురకులు, కమ్మరులు, సంతల్లో తిరిగే గారడివాళ్లు. 18వ శతాబ్దంలో వాడిన దంతపుతాళం అనే పరికరం నిజంగానే తలుపుతాళంచెవిలా వుండేది. దాని కొక్కేన్ని పంటికి తగిలించి తిప్పితే పన్ను వచ్చేది, ఒక్కొక్కప్పుడు దవడ ఎముక ముక్కతోసహా వచ్చేది. ఇటువంటి కాలంలో, 1728లో, పారిస్ వైద్యుడు పియేర్ ఫొషార్ తన గ్రంథాన్ని రెండు సంపుటాలుగా ప్రకటించాడు. దంతవైద్యానికి ఒక శాస్త్రస్థాయి కల్పించినది ఆ గ్రంథమే. పంటిపురుగు కోసం ఆయన సూక్ష్మదర్శినిలో వెతికాడు; కనిపించలేదు; కనిపించలేదని రాశాడు. వేల సంవత్సరాల పురుగు ఆ ఒక్క వాక్యంతో చావడం మొదలుపెట్టింది. మరొక సంగతి కూడా ఆయన చెప్పాడు. రోగిని నేలమీద కూర్చోబెట్టి, తలను వైద్యుడు తన మోకాళ్ల మధ్య ఇరికించుకోవడం అసహ్యమనీ, అతన్ని కుర్చీలో కూర్చోబెట్టాలనీ అన్నాడు. కుర్చీ చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని రోగిని పశువులా పట్టి అణచవలసిన వస్తువుగా కాక, కూర్చోబెట్టి మాట్లాడవలసిన మనిషిగా చూడడం దానితోనే ప్రారంభమైంది.

ఐతే ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారు? ఆ శతాబ్దంలోనే పళ్లు సరుకులైనాయి. అమెరికా తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ కొయ్యపళ్లు పెట్టుకున్నాడని ఒక కథ వుంది. అది నిజం కాదు. అతని కట్టుడుపళ్లు దంతంతో, లోహంతో, జంతువుల పళ్లతో, మనుషుల పళ్లతో తయారైనవి. 1784 మే నెలలో అతని ఎస్టేటు లెక్కపుస్తకంలో ఒక పద్దు వుంది: ఒక ఫ్రెంచి దంతవైద్యుని నిమిత్తం, తొమ్మిది పళ్లకుగాను నీగ్రోలకు చెల్లించిన సొమ్ము 6 పౌన్లు 2 షిల్లింగులు. అమ్ముకున్నవాళ్లకు తమ శరీరం మీదే తమకు హక్కు లేదు. అలాంటప్పుడు ఆ అమ్మకాన్ని అమ్మకమనవచ్చునా? 1815లో వాటర్లూ యుద్ధభూమిలో చచ్చిపడిన సైనికుల పళ్లు ఊడబెరికి, ఇంగ్లండులో కట్టుడుపళ్లకు వాడారు. 'వాటర్లూ పళ్లు' అన్న పేరే స్థిరపడింది. ఒకడి నోటి సుఖం మరొకడి నోటినుంచి వచ్చింది. దంతవైద్యం అభివృద్ధి చెందిందా అని అడిగేటప్పుడు ఈ పద్దును కూడా లెక్కలో కలుపుకోవాలి.

ఇప్పుడు నొప్పి విషయానికి వద్దాం. నొప్పి తెలియకుండా చేసే సాధనం మనిషి చేతికి వచ్చిన తేదీకి, దాన్ని మనిషి వాడుకున్న తేదీకి మధ్య 44 సంవత్సరాల అంతరముంది. 1800లో ఇంగ్లండులో యువశాస్త్రజ్ఞుడు హంఫ్రీ డేవీ నైట్రస్ ఆక్సైడు మీద తన పరిశోధనలను ప్రకటించాడు. తనకే జ్ఞానదంతం వచ్చేటప్పుడు చిగురు వాచి బాధపెట్టిందనీ, ఆ వాయువు పీల్చగా నొప్పి తగ్గిందనీ రాశాడు. శస్త్రచికిత్సలో దీన్ని ఉపయోగించవచ్చునని కూడా సూచించాడు. ఆ సూచనను వైద్యలోకం పట్టించుకోలేదు. ఆ వాయువు మాత్రం వినోదమైంది. టిక్కెట్లు పెట్టి, జనానికి పీల్పించి, వాళ్లు నవ్వుతూ తూలుతుంటే చూసి ఆనందించారు. నొప్పి సహజమనీ, దైవదత్తమనీ, దాన్ని ఓర్చుకోవడమే ఘనత అనీ సమాజం నమ్మినంతకాలం, నొప్పిని తీసే మందు కళ్లెదుట వున్నా కనిపించదు. విజ్ఞానం పురోగమించడానికి విజ్ఞానం ఒక్కటే చాలదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

1844 డిసెంబరు 10న అమెరికాలో హార్ట్‌ఫర్డ్ పట్టణంలో అటువంటి వినోదసభే జరిగింది. ప్రేక్షకులలో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడున్నాడు. వాయువు పీల్చిన ఒకతను కాలికి దెబ్బ తగిలి నెత్తురు కారుతున్నా నొప్పి తెలియకుండా వుండడం వెల్స్ గమనించాడు. మర్నాడు తానే ఆ వాయువు పీల్చి, తోటి వైద్యుని చేత తన పన్నే పీకించుకున్నాడు. నొప్పి తెలియలేదు. నొప్పిలేని వైద్యాన్ని మొదట తన నోటిమీద పరీక్షించుకున్న ఈ మనిషిని నేను గౌరవిస్తాను. 1845 జనవరిలో బోస్టనులో నలుగురి ముందు ప్రదర్శిస్తుండగా వాయువు చాలక రోగి కేకపెట్టాడు. చూడవచ్చినవాళ్లు మోసమని గేలిచేశారు. 1846 అక్టోబరు 16న, అదే బోస్టనులో వెల్స్ పూర్వ భాగస్వామి విలియం మోర్టన్ ఈథరును ప్రదర్శించి జయించాడు. అతనూ దంతవైద్యుడే. కాని అది ఈథరని తెలియకుండా రంగూ వాసనా కలిపి, వేరే పేరు పెట్టి, దానిమీద పేటెంటు పుచ్చుకున్నాడు. మానవజాతి బాధకు తాళంచెవి దొరికిన నెలలోపునే దానికి ధర కట్టారు. గుట్టు దాగలేదు గనుక మంచిదైంది. వెల్స్ మాత్రం తరవాత క్లోరోఫారం ప్రయోగాలలో దానికే బానిసై, 1848 జనవరిలో న్యూయార్కు జైల్లో తన ప్రాణం తానే తీసుకున్నాడు. అప్పటికి అతనికి 33 ఏళ్లు. అమెరికా దంతవైద్యుల సంఘం అతన్ని ఆవిష్కర్తగా గుర్తించినది 1864లో.

ఆ చరిత్రలో మన హైదరాబాదుకూ ఒక స్థానముంది. 1847లో క్లోరోఫారం వాడుకలోకి వచ్చింది. 1848 జనవరిలోనే ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల, కాలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫారం పీల్చి చనిపోయింది. నొప్పిలేని చికిత్సకు మరణం తోడైంది. ప్రాణం తీస్తున్నది గుండె ఆగడమా, శ్వాస ఆగడమా అన్న వివాదం దశాబ్దాలు నడిచింది. దాన్ని తేల్చడానికి హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతిగా వున్న ఎడ్వర్డు లారీ, నిజాం ధనసహాయంతో 1888లోనూ, 1889లోనూ రెండు క్లోరోఫారం కమిషన్లను నడిపాడు. రెండోదానికి లండను నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. ఆ వైద్య పాఠశాలలో చదువుకున్న రూపాబాయి ఫర్దూన్జీ ఆ ప్రయోగాల కాలంలో క్లోరోఫారం ఇవ్వడంలో నిపుణురాలై, మత్తువైద్యంలో పనిచేసిన తొలి మహిళలలో ఒకరుగా చరిత్రకెక్కింది. శ్వాసను కనిపెట్టుకుని వుంటే చాలు, గుండెకు భయం లేదని కమిషన్ తీర్మానించింది. ఆ తీర్మానం తప్పు. తేలికపాటి మత్తులోనే క్లోరోఫారం గుండెలయను హఠాత్తుగా చెదరగొట్టగలదని 1911లో గుడ్మన్ లెవీ నిరూపించాడు. ఈ పొరపాటును దాచుకోనక్కరలేదు. శాస్త్రం తప్పులు చేయకుండా నడవదు. చేసిన తప్పును ప్రయోగంతోనే దిద్దుకుంటుంది. మంత్రానికీ దానికీ వున్న భేదం అదే.

నొప్పి తెలియకుండా వుండడానికి మనిషినంతా నిద్రపుచ్చనక్కరలేదని 1884లో తెలిసింది. ఆ ఏడు వియన్నాలో కార్ల్ కోలర్ కొకెయిన్‌తో కంటిని మొద్దుబార్చాడు. నెలలు తిరగకుండానే న్యూయార్కులో విలియం హాల్‌స్టెడ్ కింది దవడ నరం దగ్గర కొకెయిన్ సూది వేసి దవడనంతా మొద్దుబార్చాడు. ఈ రోజున మన దంతవైద్యుడు వేసే సూది వేసే చోటు చాలామటుకు అదే. ఈ ప్రయోగాలు తనమీదే చేసుకున్న హాల్‌స్టెడ్ కొకెయిన్‌కు లోబడిపోయాడు. అటువంటి వ్యసనాన్ని కలిగించని నోవొకెయిన్ 1905 ప్రాంతంలో వచ్చింది. అంతకంటె త్వరగా పనిచేసే లిడొకెయిన్‌ను 1943లో స్వీడనులో నీల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేశాడు. 1948 నుంచి అది మార్కెట్టులో వుంది. నా నరాన్ని ఆ ముప్పావుగంటసేపు మాట్లాడకుండా వుంచింది అదే. నా సుఖం వెనక వెల్స్ మరణమూ, హాల్‌స్టెడ్ వ్యసనమూ వున్నాయని ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు నాకు తెలియదు.

మత్తు దొరికిన తరవాత కూడా నొప్పి అందరికీ ఒకేసారి పోలేదు. ఇందుకు న్యూజీలాండు చక్కని ఉదాహరణ. 1921లో ఆ దేశం బడిపిల్లలందరికీ ఉచితంగా దంతచికిత్స చేసే ప్రభుత్వశాఖను నెలకొల్పింది. ధనిక, పేద భేదం లేకుండా ప్రతి పిల్లవాడి పంటినీ చూసే ఏర్పాటు ప్రపంచంలో అప్పటికి మరొకటి లేదు. కాని ఆ చికిత్స కాలితో తొక్కే యంత్రంతో, తరచు మత్తుసూది లేకుండానే జరిగేది. పిల్లలు ఆ గదికి పెట్టిన పేరు 'హత్యాగృహం'. ఆ తొక్కుడుయంత్రాన్ని 1871లో అమెరికాలో మోరిసన్ పేటెంటు చేశాడు. అది నిమిషానికి సుమారు 2,000 సార్లు తిరిగేది. మెల్లగా తిరిగే మొన పంటిని కుదుపుతుంది, వేడెక్కిస్తుంది. నొప్పికి ముఖ్యమైన హేతువు అదే. 1949లో న్యూజీలాండులోనే జాన్ వాల్ష్ గాలిబలంతో తిరిగే యంత్రాన్ని రూపొందించాడు. 1957లో అమెరికాలో జాన్ బోర్డెన్ విడుదల చేసిన యంత్రం నిమిషానికి 3 లక్షల సార్లు తిరిగింది. ఇక్కడ రెండు పాఠాలున్నాయి. వైద్యం ఉచితమైనంత మాత్రాన నొప్పి పోదు. నొప్పి పోగొట్టే యంత్రం వచ్చినంత మాత్రాన అందరికీ అందదు. ఈ రెండూ కలిసిన చోటనే అభ్యుదయం.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి, కుర్చీలో కూర్చున్నవాడికి నొప్పి తగ్గిందా అంటే, తగ్గింది. ఇందులో సందేహానికి తావు లేదు. కాని కుర్చీదాకా రానివాడి సంగతేమిటి? అసలు కుర్చీ అవసరమెందుకు ఇంతగా పెరిగింది?

పుచ్చు ఎలా వస్తుందో 1890లో విలబీ మిల్లర్ తేల్చి చెప్పాడు. నోటిలోని సూక్ష్మజీవులు పిండిపదార్థాలను, చక్కెరను పులియబెట్టి ఆమ్లాన్ని తయారుచేస్తాయి; ఆ ఆమ్లం పంటిని కరిగిస్తుంది. ఫొషార్ చంపిన పురుగు స్థానంలో నిజమైన క్రిమి వచ్చింది. సరిగ్గా ఆ కాలంలోనే చక్కెర ఎన్నడూ లేనంత చౌక అయింది. ఇంగ్లండులో చక్కెర మీద సుంకాన్ని 1874లో ఎత్తివేశారు. ఒక పాతికేళ్లకు, 1899లో మొదలైన బోయర్ యుద్ధానికి పట్టాలు పుచ్చుకోవడానికి వచ్చిన కూలిజనంలో పళ్లు చెడినవారిని చూసి ప్రభుత్వమే కంగారుపడింది. అంటే, ఒక చేత్తో నొప్పిని పోగొట్టే సాధనాన్ని కనిపెట్టిన నాగరికతే మరొక చేత్తో నొప్పిని పంచిపెట్టింది. సాధనం సంపన్నుల నోటికి ముందు చేరింది; చక్కెర పేదల నోటికి చేరింది.

చక్కెరకూ పుచ్చుకూ వున్న సంబంధాన్ని నిర్ధారించిన పరిశోధన చరిత్ర చదివినప్పుడు నాకు కలిగిన బాధ ఇంకా తగ్గలేదు. స్వీడనులో లూండ్ దగ్గర వీపెహోల్మ్ అనే ఆసుపత్రి వుండేది. అందులో వుండేవారు బుద్ధిమాంద్యం తీవ్రంగా వున్నవారు. 1947 నుంచి 1949 వరకు వారిలో కొందరికి పళ్లకు అంటుకుపోయే మిఠాయిలు రోజూ భోజనాల నడుమ తినిపించి, పళ్లు ఎలా పుచ్చుతాయో లెక్కగట్టారు. వారిని ఎవరూ అడగలేదు. అడిగినా జవాబు చెప్పగల స్థితి వారికి లేదు. ఫలితాలు 1954లో వెలువడ్డాయి. ఎంత చక్కెర తిన్నామన్నదానికంటె ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యమని తేలింది. వారంలో ఒకేరోజు మిఠాయి తినాలన్న ఆచారం స్వీడనులో ఆ తరవాత వ్యాపించింది. ఈ రోజున మన పిల్లలకు మాటిమాటికీ తీపి తినవద్దని చెప్పే ప్రతి తల్లీ, తనకు తెలియకుండానే, నోరులేని ఆ మనుషులకు రుణపడి వుంది. "ఎద్దు పుండు కాకికి నొప్పా" అన్న సామెత ఇక్కడ కాకికే కాదు, శాస్త్రజ్ఞుడికీ వర్తిస్తుంది.

ఇక మన నీళ్ల సంగతి. అమెరికాలో గ్రాండ్ రాపిడ్స్ నగరంలో 1945 జనవరి 25న మంచినీటిలో లీటరుకు సుమారు 1 మిల్లీగ్రాము చొప్పున ఫ్లోరైడు కలపడం ప్రారంభించారు. ఆ తరవాత పుట్టిన పిల్లలలో పుచ్చు 60 శాతానికి పైగా తగ్గింది. అక్కడ కొలిచి కలిపిన పదార్థమే ఇక్కడ భూమి కొలవకుండా కలిపింది. అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడువల్ల పళ్లు గారకట్టి, ఎముకలు బిగుసుకుపోతున్న జబ్బును 1937లోనే వైద్యులు ప్రకటించారు. నల్లగొండ జిల్లా పేరు ఆ జబ్బుకు పర్యాయపదమైంది. నీటిలోంచి ఫ్లోరైడును పటికతో, సున్నంతో తీసే పద్ధతికి కూడా 1970ల్లో నాగపూరు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు 'నల్లగొండ పద్ధతి'. పద్ధతికి ఊరిపేరు వచ్చింది. ఆ ఊళ్లకు నదినీరు రావడానికి మాత్రం ఇంకా దశాబ్దాలు పట్టింది. 1937లో తెలిసిన విషయాన్ని తరాల తరబడి తాగుతూ వచ్చారంటే, లోపం విజ్ఞానంలో వుందని ఎవరంటారు?

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ ప్రాంతంనుంచి వచ్చిన ఒక విద్యార్థిని నా తరగతిలో వుండేది. పద్యం చదవమంటే చున్నీ అంచు నోటికి అడ్డం పెట్టుకుని చదివేది. గొంతు మంచిది, మాట మాత్రం గుడ్డలోంచి వచ్చినట్టుండేది. సిగ్గనుకున్నాను. ఒకనాడు విసుగెత్తి, "నోరు తెరిచి చదువమ్మా, పద్యం నీ కొంగులోనే వుండిపోతున్నది" అన్నాను. తరగతి నవ్వింది. ఆమె చున్నీ తీసి, పద్యం చివరిదాకా చదివింది. పళ్లన్నీ గోధుమరంగు చారలతో, గుంటలతో వున్నాయి. తరగతి అయ్యాక నేను క్షమాపణ చెప్పుకోబోతే, "మా ఊర్ల అందరి పండ్లు గిట్లనే ఉంటయి సార్" అని మాత్రం అంది. ఆ పళ్లకు నొప్పి వుండకపోవచ్చు. కాని ఆమె మూడేళ్లపాటు చున్నీ చాటున దాచుకున్నదాన్ని నొప్పి అనకపోతే మరేమనాలి? ఏ మత్తుసూదీ దాన్ని తీయదు. అందుకు కావలసింది మంచినీరు.

ఆ రోజునుంచి నొప్పి అన్న మాటను నేను విశాలమైన అర్థంలో తీసుకోవడం నేర్చుకున్నాను. శాస్త్రం కూడా ఆ దిశగానే నడిచింది. నొప్పి అన్నది గాయంనుంచి మెదడుకు తీగమీద వచ్చే వార్త మాత్రమే కాదనీ, వెన్నుపాములోనే దానికొక ద్వారముందనీ, భయమూ, గతానుభవమూ ఆ ద్వారాన్ని తెరవడానికీ మూయడానికీ శక్తి కలవనీ 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు ప్రతిపాదించారు. మా అమ్మ ఇప్పటికీ దంతవైద్యుడి దగ్గరకు రాదు. మిగిలిన పళ్లు కదులుతున్నా రాదు. సూదిమందు గురించి ఎంత చెప్పినా ఆమెకు గుర్తొచ్చేది సంతలో పట్టకారే. ఒక తరం అనుభవించిన నొప్పి, మందు వచ్చిన తరవాత కూడా ఆ తరాన్ని వదలదు. వైద్యచరిత్రలు రాసేవారు కనిపెట్టిన సంవత్సరాన్ని రాస్తారు. భయం పోయిన సంవత్సరాన్ని రాయరు.

భయం ఒక్కటే కాదు, డబ్బు కూడా అడ్డం. నా ఒక్క పన్నును నిలబెట్టుకోవడానికి నేను ఇచ్చుకున్నది, మా ఊరి వ్యవసాయకూలీకి అనేక రోజుల కష్టార్జితం. అతని ముందున్న మార్గాలు రెండే: మాత్ర మింగి ఓర్చుకోవడం, లేదా పీకించుకోవడం. నిలబెట్టదగిన పన్ను పేదవాడికి పీకదగిన పన్నవుతుంది. "పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం" అన్న సామెతను మనం నిర్లక్ష్యానికి ఉదాహరణగా వాడుతాం. ఎంచుకోవడానికి రాళ్లు తప్ప మరేమీ లేనివాడు మొదట ఆ మాట అని వుంటాడని నా అనుమానం. మన దేశంలో దంతవైద్య విద్యకు రఫీయుద్దీన్ అహమ్మద్ 1920లో కలకత్తాలో పునాది వేశాడు. దంతవైద్యుల చట్టం 1948లో వచ్చింది. కళాశాలలు ఆ తరవాత వందల సంఖ్యలో పెరిగాయి. ఐనా ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022లో ప్రకటించిన నివేదిక ప్రకారం నోటిజబ్బులతో బాధపడేవారు ప్రపంచంలో సుమారు 350 కోట్లమంది. వారిలో ప్రతి నలుగురిలోనూ ముగ్గురు మధ్యాదాయ దేశాలవారు. శాశ్వతదంతాలు పుచ్చి, చికిత్సకు నోచుకోనివారే 200 కోట్లమంది. లిడొకెయిన్ వచ్చి ముప్పాతిక శతాబ్దమైన తరవాతి లెక్క ఇది.

కాబట్టి నా భౌతికశాస్త్ర మిత్రునికీ, మా సంస్కృతం మాస్టారికీ నేను చెప్పదలచినది ఇది. మాస్టారూ, వెనక్కి పోవడానికి అక్కడ స్వర్ణయుగం లేదు; అక్కడున్నది మెహర్‌గఢ్ రాతిమొన, సంతలో పట్టకారు. మీరు మెచ్చుకునే వేపపుల్లలోని మంచిని కూడా విజ్ఞానమే నిలబెట్టగలదు. మిత్రమా, విజ్ఞానం నొప్పిని జయించిందన్న మాట సగం మాత్రమే నిజం. విజ్ఞానం నొప్పిని జయించే మార్గాన్ని చూపించింది. ఆ మార్గంలో నడవనివ్వడం, నడవనివ్వకపోవడం సమాజం చేతిలో వుంది. 1800 నుంచి 1844 దాకా ఒక మందును వినోదంగా వాడుకున్నది సమాజమే. 1937 తరవాత ఆ నీళ్లనే తాగనిచ్చినదీ సమాజమే.

దంతవైద్యం ముందుకు పోయిందా అంటే, పోయింది. నొప్పి తగ్గిందా అంటే, తగ్గించగల శక్తి వచ్చింది. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం మన కాలపు పెద్ద భ్రమ. ఒక శాస్త్రం అభివృద్ధిని అది చేయగలిగిన గొప్ప చికిత్సతో కొలవడం అలవాటైంది. దాన్ని అది చేరుకోలేకపోయిన కడపటి మనిషితో కొలవాలని నేనంటాను. ఆ కొలతతో చూస్తే మనం ఎంత దూరం వచ్చామో తెలుస్తుంది, ఎంత దూరం మిగిలివుందో కూడా తెలుస్తుంది. మా అమ్మ భయం లేకుండా ఆ కుర్చీలో కూర్చున్ననాడు, మా విద్యార్థిని ఊళ్లో పుట్టిన పిల్ల చున్నీ అడ్డం లేకుండా పద్యం చదివిననాడు, మిత్రుడి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.